జీతంతో కూడిన సెలవులన్నీ మనం వాడుకుంటున్నామా? విజయవాడ, గుంటూరు ఉద్యోగుల అనుభవాలు చెప్పండి

లెక్కల బల్ల (విజయవాడ)

అందరికీ నమస్కారం. గవర్నరుపేటలో యాభై మందికి పైగా ఉద్యోగులున్న ఒక పంపిణీ సంస్థలో, అకౌంట్స్ విభాగంలో పని చేస్తున్నాను. డిసెంబరు రాగానే మా హెచ్‌ఆర్ నుంచి ఏటా వచ్చే మెయిలే ఈసారీ వచ్చింది. ముప్పై రోజులకు మించి నిల్వ ఉన్న ఎర్న్‌డ్ లీవు (సంపాదిత సెలవు) 31వ తేదీతో రద్దవుతుందని, కావలసినవారు ఈలోగా వాడుకోవచ్చని దాని సారాంశం. అది చదివి మా విభాగంలో ఒక్కరు కూడా దరఖాస్తు పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదో తెలియాలంటే మా నెల ఎలా గడుస్తుందో చెప్పాలి. 7వ తేదీలోగా టీడీఎస్ (చెల్లింపులలో ముందే కోసిన ఆదాయపు పన్ను) కట్టాలి. 11కి జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) దాఖలు చేయాలి. 15కి ఉద్యోగుల పీఎఫ్, ఈఎస్‌ఐ చందాలు. 20కి జీఎస్‌టీఆర్-3బి (పన్ను చెల్లింపు రిటర్ను). ఆ తరువాత జీతాల షీట్లు, నెలాఖరు స్టాకు లెక్క, బ్యాంకు సరిపోల్చుకోవడం మొదలవుతాయి. ఈ తేదీల మధ్య వరసగా వారం రోజులు ఖాళీ ఎక్కడ దొరుకుతుందో మీరే చూడండి. ఒకవేళ ధైర్యం చేసి వెళ్ళినా, నా పని చేయగలిగినవారు ఇంకొకరు లేరు కనుక తిరిగి వచ్చేసరికి అదంతా నా బల్ల మీదే పేరుకుని ఉంటుంది. అంటే సెలవు పెట్టినందుకు ముందొక వారం, తరువాతొక వారం రాత్రి తొమ్మిది దాకా కూర్చోవాలి.

మా మేనేజరు మంచివారే, వద్దని ఎన్నడూ అనలేదు. అయినా ఎవరం వెళ్ళము. మీ కార్యాలయాలలో పరిస్థితి ఎలా ఉంది? సంపాదించుకున్న సెలవులు పూర్తిగా వాడుకునేవారు అసలు ఉన్నారా? ఇలా రద్దు చేయడం చట్టప్రకారం చెల్లుతుందా?


రిటైర్డ్ సూపరింటెండెంట్ (గుంటూరు)

అమ్మా, ప్రభుత్వ ఉద్యోగుల సంగతి నేను చెబుతాను. మాకు సంపాదిత సెలవు (ఈఎల్) ఏడాదికి 30 రోజులు. జనవరి 1న 15, జూలై 1న 15 ముందుగానే ఖాతాలో జమ చేస్తారు. గరిష్ఠ నిల్వ ఒకప్పుడు 240 రోజులు ఉండేది, 2005లో దానిని 300 చేశారు. పదవీ విరమణ నాడు నిల్వ ఉన్న రోజులకు మూలవేతనం, కరువుభత్యం లెక్కగట్టి సొమ్ము చెల్లిస్తారు. సర్వీసులో ఉండగానే ఏడాదికి 15 రోజులు గాని, రెండేళ్లకు 30 రోజులు గాని సరెండర్ చేసుకునే, అంటే సొమ్ముగా మార్చుకునే వీలు కూడా ఉంది.

ఈ ఏర్పాటు ఉన్నప్పుడు ఈఎల్ పెట్టి విహారయాత్రకు వెళ్ళే గుమస్తా ఎవరుంటారు? మా తరంలో అందరం క్యాజువల్ లీవుతోనే పనులు నెట్టుకొచ్చాము. అవి ఏడాదికి 15, మరుసటి ఏడాదికి బదిలీ కావు. అందుకే డిసెంబరు ఆఖరి వారంలో ప్రభుత్వ కార్యాలయాలలో సగం కుర్చీలు ఖాళీగా కనిపిస్తాయి. పోయే సెలవును వాడుకుంటారు, పోని సెలవును దాచుకుంటారు. ఇది పూర్తిగా తెలివైన లెక్క అని నా అభిప్రాయం. నా వరకు ఆ 300 రోజుల సొమ్ముతోనే బ్రాడీపేటలో ఇంటి పై అంతస్తు పూర్తయింది.


కౌంటర్ నంబరు 3 (విజయవాడ)

సూపరింటెండెంట్ గారు చెప్పిన దాచుకునే అలవాటు మా బ్యాంకులలోనూ ఉంది. అయితే సెలవును ఉద్యోగి ఇష్టానికి వదలకుండా తప్పనిసరి చేసిన నియమం కూడా మా దగ్గరే ఉంది. అది ఇక్కడ చాలామందికి తెలిసి ఉండదు కాబట్టి వివరంగా రాస్తాను.

ట్రెజరీ (బ్యాంకు నిధులు, పెట్టుబడులు చూసే విభాగం), కరెన్సీ చెస్ట్ (నగదు నిల్వ ఉంచే చోటు) వంటి సున్నితమైన స్థానాలలో పని చేసేవారిని ఏడాదికి ఒకసారి, వరసగా కనీసం పది పనిదినాలు, ముందస్తు సమాచారం ఇవ్వకుండా సెలవుపై పంపాలని రిజర్వు బ్యాంకు ఆదేశాలున్నాయి. 2021 జూలైలో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం ఆ పది రోజులూ ఆ ఉద్యోగి తన పనికి సంబంధించిన ఏ వ్యవస్థనూ నేరుగా గాని, ఆన్‌లైన్‌లో గాని తాకడానికి వీలులేదు. అందరికీ సాధారణంగా అందుబాటులో ఉండే సంస్థ ఈమెయిల్ ఒక్కదానికే మినహాయింపు ఉంది.

దీని ఉద్దేశం విశ్రాంతి కాదు, మోసాలను పట్టుకోవడం. ఒకరి కుర్చీలో పది రోజులు ఇంకొకరు కూర్చుంటే, దాచిన ఎంట్రీ ఏదైనా ఉంటే బయటపడుతుంది. రోజూ తానే వచ్చి సరిదిద్దుకుంటే తప్ప నిలవని తప్పుడు లెక్క, మనిషి లేకపోతే నిలవదు. ఇందులో లెక్కల బల్ల గారు గమనించవలసినది ఒకటుంది. ‘నేను లేకపోతే ఈ పని ఆగిపోతుంది’ అని మనం బాధ్యతగా, కొంత గర్వంగా చెప్పుకునే మాటను రిజర్వు బ్యాంకు ప్రమాద సూచనగా చూస్తుంది. ఆ నియమం ఉంది కాబట్టే మా శాఖలో ఆ స్థానాలన్నింటికీ రెండో మనిషికి పని నేర్పించారు. నియమం వర్తించని కౌంటర్లలో ఎవరూ నేర్పలేదు, అక్కడ ఎవరికీ సెలవు దొరకదు.


రాత్రి డ్యూటీ (గుంటూరు)

నేను కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఫైలైతే మర్నాడు చూసుకోవచ్చు. పేషెంటు మర్నాటి దాకా ఆగడు. నేను సెలవు పెడితే నా వార్డు ఖాళీగా ఉండదు, పక్క వార్డు అమ్మాయి డబుల్ డ్యూటీ చేస్తుంది. ఉదయం ఎనిమిదికి ఇంటికి వెళ్ళవలసిన అమ్మాయి, డ్రగ్ ట్రాలీ అప్పగించడానికి ఎవరూ రాక, మళ్ళీ అదే యూనిఫాంలో మధ్యాహ్నం రెండు దాకా నిలబడుతుంది. ఆమెకు ఇంట్లో మూడేళ్ల బిడ్డ ఉందని నాకు తెలుసు. అది తెలిసిన తరువాత సెలవు చీటీ మీద సంతకం చేయడానికి చెయ్యి రాదు.

యాజమాన్యానికి కావలసింది కూడా ఇదే అని నాకు అనిపిస్తుంది. సెలవు ఇవ్వబోమని వారు చెప్పనక్కరలేదు. మనుషులను సరిపడా తీసుకోకుండా ఉంచితే చాలు, మాలో మేమే మొహమాటపడి ఆగిపోతాము. కౌంటర్ నంబరు 3 గారు చెప్పిన రెండో మనిషి మాటే అసలైన మాట. నేను ఇన్నేళ్లలో పెట్టిన పెద్ద సెలవు ఒక్కటే, అది అమ్మ మోకాలి ఆపరేషన్‌కు. అప్పుడు కూడా ఆసుపత్రిలోనే ఉన్నాను, మంచం పక్కన.


డల్లాస్‌లో గుంటూరు

నేను గుంటూరు లక్ష్మీపురంలో పెరిగి, ప్రస్తుతం అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడ ప్రైవేటు ఉద్యోగికి జీతంతో కూడిన సెలవు ఇచ్చి తీరాలని చెప్పే ఫెడరల్ చట్టమే లేదు. ఏది ఇచ్చినా సంస్థ విధానమే. 2023లో ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే పరిశోధన సంస్థ ప్రచురించిన సర్వేలో, జీతంతో సెలవు సదుపాయం ఉన్న ఉద్యోగులలో 46 శాతం మంది ఇచ్చినదాని కంటే తక్కువే వాడుకుంటున్నామని చెప్పారు.

కారణాలు చూస్తే రాత్రి డ్యూటీ గారి మాటే అక్కడా కనిపిస్తుంది. అలా తక్కువ వాడుకునేవారిలో 49 శాతం మంది పనిలో వెనకబడతామేమోనని, 43 శాతం మంది తమ పని సహోద్యోగుల మీద పడుతుందన్న బాధతో ఆగిపోతున్నామన్నారు. ఉద్యోగం పోతుందన్న భయం చెప్పినవారు 16 శాతం, పై అధికారి నిరుత్సాహపరుస్తారన్నవారు 12 శాతం మాత్రమే. అంటే నేరుగా వద్దనే అధికారి కంటే బదులు మనిషి లేకపోవడమే ఎక్కువమందిని ఆపుతోంది. ఇంకా ఎక్కువమంది, 52 శాతం, అంతకు మించి సెలవు అవసరం అనిపించలేదన్నారు. ఆ జవాబులో నిజమెంతో, అలవాటెంతో నేను చెప్పలేను.

నాలాంటివారి లెక్క వేరు. రెండేళ్లు కూడబెట్టి ఒకేసారి మూడు వారాలు గుంటూరు వస్తాము. అందులో బ్యాంకు పనులు, పొలం కాగితాలు, బంధువుల ఇళ్లు పోగా అమ్మానాన్నలతో తీరిగ్గా కూర్చునే రోజులు చాలా తక్కువ.


ఆటోనగర్ షెడ్డు (విజయవాడ)

ఇక్కడ అందరూ ఉద్యోగులే మాట్లాడుతున్నారు. యజమాని వైపు నుంచి కూడా ఒకరు రాయాలి కనుక రాస్తున్నాను. ఆటోనగర్‌లో నాకు లారీ బాడీ కట్టే చిన్న షెడ్డు ఉంది. వెల్డరు, కార్పెంటరు, పెయింటరు, హెల్పర్లు, అందరూ కలిపితే పది మంది లోపే. క్యాబిన్ పని సగంలో ఉండగా వెల్డరు పది రోజులు వెళ్ళిపోతే, కార్పెంటరుకు పని ఉండదు, పెయింటరుకు పని ఉండదు, బండి యజమాని మాత్రం ఫైనాన్స్ వాయిదా కట్టుకుంటూ రోజూ షెడ్డు ముందు నిలబడతాడు. ఇద్దరు వెల్డర్లను పెట్టుకునేంత పని ఏడాది పొడుగునా నాకు ఉండదు. రెండో మనిషిని పెట్టుకోమని రాసేవారు ఈ చిన్న షెడ్ల సంగతి కూడా ఆలోచించాలి.

నేను చేసేది ఇది. సంక్రాంతికి షెడ్డు మొత్తం మూసేస్తాను, దసరాకు ఆయుధపూజ చేసి మళ్ళీ కొన్నాళ్లు మూసేస్తాను. ఆ రోజులకు జీతం కోయను. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుర్రాళ్లు ఊరికి వెళ్ళి వస్తారు. మధ్యలో విడిగా సెలవు అడిగితే ఇబ్బందే.


యార్డు గుమస్తా (గుంటూరు)

ఆటోనగర్ షెడ్డు గారు చెప్పిన పద్ధతి నాకు బాగా తెలుసు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాగా ఉన్నాను. ఫిబ్రవరి నుంచి సీజను ముదిరితే తెల్లవారుజామునే టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతాయి, వేలం, కాటా, అమ్మకం పట్టీలు రాయడం, రైతులకు చెల్లింపులు, ఇవన్నీ అయ్యేసరికి రాత్రవుతుంది. కళ్ళు మండుతూ, దగ్గుతూ పని చేస్తాము. ఆ నెలల్లో సెలవన్న ఊసే ఉండదు. కానీ ఎండలు ముదిరాక యార్డుకు ఏటా వేసవి సెలవులు ప్రకటిస్తారు. అప్పుడు కోల్డ్ స్టోరేజీలలో సరుకు కదులుతూ ఉన్నా, యార్డులో బేరాలు ఆగిపోతాయి.

మా కొట్టులో ఆ సమయంలో వంతులవారీగా వెళ్తాము. నా అనుభవంలో సెలవుకు వెళ్ళి మనసు నెమ్మదిగా ఉండేది అప్పుడే, ఎందుకంటే నేను లేనని ఎవరి పనీ పెరగదు. ఫోను కూడా మోగదు. అందరికీ కలిపి మూత వేసినప్పుడు మొహమాటం అన్న ప్రశ్నే రాదు. ఈ పద్ధతి ఆసుపత్రికి పనికిరాదు, నిజమే. ఆఫీసులకు ఎందుకు పనికిరాదో నాకు తెలియడం లేదు.


లెక్కల మాస్టారు (తెనాలి)

మా ఉపాధ్యాయులను చూపించి వేసవి సెలవులన్నీ వీరివే అనడం అందరికీ అలవాటు. అందుకే మాకు సంపాదిత సెలవు ఏడాదికి ఆరు రోజులే ఇస్తారని గుర్తు చేస్తున్నాను. మాకు సెలవు ఎప్పుడు కావాలో మేము ఎంచుకోలేము. బిడ్డ పెళ్లి అయినా, ఊరి జాతర అయినా బడి మూసిన రోజులకే సరిపెట్టుకోవాలి. యార్డు గుమస్తా గారి పద్ధతికి ఈ ఇబ్బంది కూడా ఉంటుంది.


లెక్కల బల్ల

యార్డు గుమస్తా గారూ, ఆఫీసులకు ఎందుకు పనికిరాదంటే రిటర్నుల గడువులు మా సంస్థ చేతిలో లేవు. మా షట్టరు మూసినా 20వ తేదీ వస్తుంది. ఆలస్య రుసుము పడుతుంది, వడ్డీ పడుతుంది. కౌంటర్ నంబరు 3 గారి మాట మాత్రం రెండు రోజులుగా నా మనసులో తిరుగుతోంది. ఇక్కడ కార్మిక చట్టాలు తెలిసినవారు ఉంటే నేను మొదట అడిగిన రద్దు విషయం చెప్పగలరా?


లేబర్ లా (విజయవాడ)

కార్మిక వివాదాలలో సలహాలు ఇవ్వడం నా వృత్తి. వరసగా చెబుతాను, కొంచెం పెద్ద సమాధానమే అవుతుంది.

మీది దుకాణాలు, వాణిజ్య సంస్థల కోవలోకి వస్తుంది కనుక 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం చూడాలి. పన్నెండు నెలలలో 240 రోజులు పని చేసిన ఉద్యోగికి తరువాతి పన్నెండు నెలలలో 15 రోజులు జీతంతో కూడిన సెలవు రావాలి. ఆ సెలవును 60 రోజుల వరకు పోగు చేసుకోవచ్చు. మీ సంస్థ నియమావళిలో 30 దాటితే రద్దు అని రాసుకున్నారు. చట్టం ఇచ్చిన 15 రోజుల మేరకు చూస్తే 60 వరకు నిల్వ ఉండే హక్కును సంస్థ నియమావళి తగ్గించలేదు. చట్టానికి మించి సంస్థ తనంతట తాను ఇచ్చే అదనపు రోజులకు మాత్రం అది తన షరతు పెట్టుకోవచ్చు. అందుచేత మీ ఖాతాలో ఏ రోజులు ఏ లెక్కన జమయ్యాయో ముందు హెచ్‌ఆర్‌ను అడిగి తెలుసుకోండి.

కర్మాగారాల సంగతి వేరు. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పని చేసినవారికి, పని చేసిన ప్రతి 20 రోజులకు ఒక రోజు సెలవు లభించేది. మరుసటి ఏడాదికి 30 రోజుల వరకు తీసుకువెళ్ళవచ్చు. 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ 240 రోజుల అర్హతను 180కి తగ్గించింది. నిల్వ 30 దాటితే ఆ పై రోజులకు సొమ్ము పొందే హక్కు కూడా ఇచ్చింది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇప్పుడు చెబుతున్నాను. కార్మికుడు నిబంధన ప్రకారం సెలవు అడిగి, యాజమాన్యం నిరాకరిస్తే, ఆ రోజులకు 30 పరిమితి వర్తించదు. ఎంతైనా ముందుకు తీసుకువెళ్ళవచ్చు. పాత ఫ్యాక్టరీల చట్టంలోనూ, కొత్త కోడ్‌లోనూ ఇది ఉంది. కానీ నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది చేతిలో నిరాకరణకు ఆధారమే ఉండదు. ‘మేనేజరు గారిని అడిగాను, ఈ నెల కుదరదన్నారు’ అంటారు. కాఫీ తాగుతూ అడిగిన సెలవు చట్టం దృష్టిలో అడగని సెలవే. అడగకుండా ఉండిపోయినవాడికి, అడిగి కాదనిపించుకున్నవాడికి మధ్య ఇంత తేడా ఉన్నప్పుడు, దొరకదని ముందే తెలిసినా సరే దరఖాస్తు రాతపూర్వకంగానే పెట్టాలి. మెయిల్ అయినా చాలు. జవాబు రాకపోతే వారం తరువాత అదే మెయిల్‌కు మళ్ళీ గుర్తు చేయండి.

పన్ను గురించి కూడా ఒక మాట. ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చే సెలవు సొమ్ము మీద ప్రభుత్వేతర ఉద్యోగులకు పన్ను మినహాయింపు ఇరవై ఏళ్ల పాటు 3 లక్షల దగ్గరే ఆగిపోయి, 2023 ఏప్రిల్ 1 నుంచి 25 లక్షలకు పెరిగింది. ఉద్యోగంలో ఉండగా అమ్ముకునే సెలవుకు ఈ మినహాయింపు లేదు, ఆ సొమ్ము జీతంలో కలుస్తుంది.


సింగ్‌నగర్ కుర్రాడు (విజయవాడ)

నేను ఇంటి నుంచి పని చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మా సంస్థలో సెలవులు అడిగితే ఇస్తారు, పోర్టల్‌లో నొక్కితే సాయంత్రానికి ఆమోదం వస్తుంది. రికార్డు చూస్తే నేను సెలవులన్నీ వాడుకున్న ఉద్యోగిని. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చినప్పుడు నా సెలవులలో ఎక్కువ భాగం అయిపోయాయి. మొదట డాబా మీద కూర్చుని పాల ప్యాకెట్ల పడవ కోసం ఎదురుచూడటం, నీళ్లు తీశాక ఇంట్లో బురద ఎత్తడం, తడిసిన ఫ్రిజ్, వాషింగ్ మిషన్ మరమ్మతు కోసం వరసలో నిలబడటం, నష్టం నమోదుకు వచ్చేవారి కోసం ఇంటి దగ్గరే ఉండటం. సంస్థ రికార్డులో అదంతా ‘వెకేషన్’ అనే వరసలో ఉంది.

మిగిలిన రోజులలో అక్క పెళ్లికి వెళ్ళాను. మండపంలో రెండు సార్లు లాప్‌టాప్ తెరవవలసి వచ్చింది. అందుకే నేను అడిగేది, ఎన్ని సెలవులు వాడుకున్నారన్న లెక్కలో పనికి వెళ్ళని రోజులు మాత్రమే కాకుండా, నిజంగా పని అంటకుండా ఉన్నవి ఎన్నో కూడా చూడాలి కదా? నర్సు అక్క గారు అమ్మ మంచం పక్కన గడిపిన రోజులు కూడా సెలవు కిందే పోయాయి. మన దగ్గర జబ్బు, పెళ్లి, చావు, వరద, కోర్టు వాయిదా, బడిలో సీటు, అన్నిటికీ ఆ ఒక్క ఖాతాలోంచే తీయాలి. ఇక విశ్రాంతికి మిగిలేది ఏముంటుంది?


కార్మిక చరిత్ర (గుంటూరు)

సింగ్‌నగర్ తమ్ముడు అడిగిన ప్రశ్న పాతదే, దానికి కొన్ని దేశాలు చట్టంలోనే సమాధానం రాసుకున్నాయి. 1936లో ఫ్రాన్సులో పెద్ద సమ్మెల తరువాత కార్మికులందరికీ రెండు వారాల జీతంతో కూడిన సెలవు చట్టమైంది. అదే ఏడాది అంతర్జాతీయ కార్మిక సంస్థ తన 52వ ఒడంబడికలో కనీసం ఆరు పనిదినాలు అంది. 1970లో చేసిన 132వ ఒడంబడిక దానిని మూడు వారాలకు పెంచి, జబ్బు రోజులను ఆ మూడు వారాలలో కలపకూడదని, సొమ్ము తీసుకుని కనీస సెలవును వదులుకునే ఒప్పందం చెల్లకూడదని చెప్పింది. భారతదేశం ఆ 132వ ఒడంబడికను ఆమోదించలేదు. ఐరోపా సమాఖ్యలో ఏడాదికి నాలుగు వారాల కనీస సెలవును, ఉద్యోగం ముగిసినప్పుడు తప్ప, డబ్బుగా మార్చడానికి వీలులేదు.

జపాన్‌లో ఉద్యోగులు తమంతట తాము సెలవు అడగరని గ్రహించి, 2019 ఏప్రిల్ నుంచి బాధ్యతను యజమాని మీద పెట్టారు. పది రోజులు గాని అంతకు మించి గాని సెలవు హక్కు ఉన్న ప్రతి ఉద్యోగి చేత కనీసం ఐదు రోజులు వాడించే పూచీ యజమానిదే.

సూపరింటెండెంట్ గారి మీద నాకు గౌరవం ఉంది, కానీ సెలవును సొమ్ముగా చూసే పద్ధతితో నేను ఏకీభవించలేను. ప్రభుత్వమే సరెండర్ పేరుతో ఏటా సెలవును కొంటూ, మరోవైపు ఆరోగ్యం కోసం సెలవు ఇస్తున్నామని చెప్పడం పొసగదు.


రిటైర్డ్ సూపరింటెండెంట్

బాబూ, మీరు చెప్పిన చట్టాలన్నీ బాగానే ఉన్నాయి. ఫ్రాన్సు గుమస్తాకు జబ్బు చేస్తే ఎవరు చూస్తారో మీకు తెలుసు. నా భార్యకు కిడ్నీ జబ్బు వచ్చి డయాలసిస్ మొదలైనప్పుడు వారానికి రెండు సార్లు ఆసుపత్రికి తీసుకువెళ్ళింది నేను. అప్పటికి నా ఖాతాలో సెలవు నిల్వ ఉండబట్టి నెల జీతం తగ్గకుండా ఆ కాలం గడిచింది. పై అంతస్తు సంగతి పైన రాశాను, ఈ సంగతి రాయలేదు. వయసులో ఉన్నప్పుడు ఊటీ, కొడైకెనాల్ తిరిగి సెలవు ఖాళీ చేసిన నా సహోద్యోగి ఒకరు అలాంటి పరిస్థితిలోనే సగం జీతం సెలవు మీదకు వెళ్ళవలసి వచ్చింది.

అమ్ముకోకుండా చట్టం చేయండి, నేను కాదనను. దానికంటే ముందు ఇంట్లో మనిషి మంచాన పడితే వాడుకోవడానికి వేరే సెలవు ఇవ్వండి. అది లేకుండా దాచుకోవడం తప్పనడం న్యాయం కాదు.


కార్మిక చరిత్ర

మీ మాట సబబే. జబ్బుకు, సంరక్షణకు వేరే ఖాతా లేనంతకాలం మనవాళ్లు ఈ ఖాతాను దాచుకుంటూనే ఉంటారు. అయితే లెక్కల బల్ల గారి సంస్థ లాంటి చోట ముప్పై రోజులకు మించి దాచుకునే వీలు కూడా లేదు, మిగతాది డిసెంబరు 31న రద్దయిపోతుంది. దాచుకోనివ్వరు, వాడుకోనివ్వరు. నా కోపం అక్కడ.


లెక్కల బల్ల

లేబర్ లా గారికి కృతజ్ఞతలు. హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టాను. నా నిల్వలో చట్టం ప్రకారం వచ్చినవి ఎన్ని, సంస్థ అదనంగా ఇచ్చినవి ఎన్ని అని విడివిడిగా అడిగాను. జవాబు వచ్చాక ఇక్కడ రాస్తాను.

ఇంకో పని కూడా చేశాను. మా విభాగంలో నలుగురం కూర్చుని ఎవరి పని ఎవరికి వచ్చో కాగితం మీద రాసుకున్నాము. జీఎస్‌టీ నాకొక్కదానికే వచ్చు, జీతాల షీట్లు ఇంకొకరికే వచ్చు, బ్యాంకు సరిపోల్చడం మాత్రం ముగ్గురికి వచ్చు. ప్రతి పనికి రెండో పేరు రాసుకుని, జనవరి నుంచి మూడు నెలలలో ఒకరి పని ఒకరు నేర్చుకునేలా మేనేజరు గారికి ప్రతిపాదన ఇచ్చాము. 21వ తేదీ నుంచి 28 వరకు ఒక్కో నెలలో ఒక్కొక్కరు వెళ్ళాలని, మార్చి, సెప్టెంబరు నెలలను వదిలేయాలని అందులో రాశాము. విశ్రాంతి కోసం అని రాస్తే పక్కన పెడతారేమోనని, రెండో మనిషి లేకపోవడం సంస్థకే ప్రమాదమన్న కౌంటర్ నంబరు 3 గారి వాదనతో మొదలుపెట్టాము. ఆయన చదివి, జీతాల వారంతో ముడిపడుతుందని ఒక అభ్యంతరం చెప్పి, మిగతాదానికి సరేనన్నారు.


రాత్రి డ్యూటీ

మీకు కుదిరినందుకు సంతోషం. మా దగ్గర నేర్పడం సమస్య కాదు, అందరికీ అన్నీ వచ్చు. మనుషులే తక్కువ. కొత్తగా ఇద్దరిని తీసుకుంటే తప్ప మాకు ఏ పట్టికా పని చేయదు. ఈ సారి సెలవు దరఖాస్తు మాత్రం రాతపూర్వకంగా పెడతాను, కాదంటే కాదని రాసి ఇవ్వమంటాను.


కొండపల్లి ప్యాకింగ్

ఆలస్యంగా అడుగుతున్నందుకు మన్నించండి. కొండపల్లి దగ్గర ఒక కర్మాగారంలో కాంట్రాక్టరు కింద ప్యాకింగ్ పని చేస్తున్నాను. ఇక్కడ రాసినవన్నీ పర్మనెంటు వాళ్లకే కదా? మాకు సెలవు పెడితే ఆ రోజు కూలి పోతుంది. పోయిన నెలలో కాంట్రాక్టరు మారిపోయారు, పాత ఆయన లెక్క చూసి ఏమీ ఇవ్వలేదు.


లేబర్ లా

మీకూ వర్తిస్తాయి. పాత ఫ్యాక్టరీల చట్టంలోనే కార్మికుడు అంటే నేరుగా చేరినవారు, కాంట్రాక్టరు ద్వారా చేరినవారు ఇద్దరూ ఉండేవారు. పని చేసిన రోజులను బట్టి మీకు జమ అయిన సెలవుకు జీతం రావాలి. ఉద్యోగం ముగిసిన సందర్భంలో వాడని సెలవు జీతాన్ని రెండో పనిదినం దాటకుండా చెల్లించాలని ఆ చట్టం చెప్పింది. రావలసిన వేతనాలన్నీ రెండు పనిదినాలలో ఇవ్వాలని 2019 వేతనాల కోడ్ కూడా అంటుంది. కాంట్రాక్టరు ఎగవేసిన వేతనాలకు అసలు యజమాని, అంటే ఆ కర్మాగారం, బాధ్యత వహించాలి.

మీరు చేయవలసినది ఇది. పీఎఫ్ పాస్‌బుక్ ఆన్‌లైన్‌లో తీసుకోండి, పాత కాంట్రాక్టరు ఏ నెల నుంచి ఏ నెల వరకు కట్టారో అందులో ఉంటుంది. గేటు పాసు, జీతం చీటీలు, బ్యాంకు ఖాతాలో పడిన జీతం వివరాలు దగ్గర పెట్టుకోండి. పాత కాంట్రాక్టరుకు, కర్మాగారం పర్సనల్ విభాగానికి ఒకే ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. పదిహేను రోజులు చూసి, జవాబు లేకపోతే రసీదుతో సహా విజయవాడలోని కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు ఇవ్వవచ్చు. మీతో పాటు ఎంతమంది ఉన్నారు? అందరూ కలిసి ఒకే ఉత్తరం మీద సంతకాలు చేస్తే మంచిది.


కొండపల్లి ప్యాకింగ్

మా షిఫ్టులోనే చాలామంది ఉన్నామండీ. ఆదివారం అందరినీ కూర్చోబెట్టి మీరు చెప్పింది చదివి వినిపిస్తాను. పాస్‌బుక్ తీయడం ఒకరిద్దరికే వచ్చు, మిగతావారికి వాళ్ల చేతే తీయిస్తాము. ఉత్తరం నమూనా ఎవరైనా ఇక్కడ పెడితే మేలు.